పర్సంటేజీ గంగులప్ప

పుంగనూరులో గంగులప్ప కంట్లో పడ్డ మనిషి పర్సంటేజీ వేయించుకోకుండా ఇల్లు చేరినట్టు చరిత్రలో లేదు.

"బాగుండావా?" అని అడిగే అలవాటు ఆయనకు లేదు. ఎదురొచ్చిన మనిషిని తల నుంచి చెప్పుల దాకా ఒకసారి, చెప్పుల నుంచి తల దాకా ఇంకోసారి చూస్తాడు. ఎడమ కన్ను సగం మూస్తాడు. పెదాలతో ఏదో లెక్క వేస్తాడు. ఆ తర్వాత తీర్పు.

"కుడి మోకాలు. పన్నెండు. నలభైకి ఇంకా శానా దూరముండాది, దిగులు పడొద్దప్పా."

ఆ నలభై సంగతి పుంగనూరులో అందరికీ తెలుసు. సదరం క్యాంపులో డాక్టర్లు పరీక్ష చేసి, వైకల్యం నూటికి నలభై అయినా ఉందని సర్టిఫికెట్టు ఇస్తేనే పింఛను గానీ, బస్సు పాసు గానీ, ఇంకే సాయమైనా గానీ. పదో తరగతి పాసు మార్కు ఎంతో తడుముకునేవాళ్ళు ఊళ్ళో ఉండొచ్చు. సదరం పాసు మార్కు తడుముకునేవాళ్ళు లేరు. అదంతా గంగులప్ప పైసా తీసుకోకుండా చేసిపెట్టిన ప్రచారం.

ఒకసారి సెలూన్లో కూర్చుని, అద్దంలో కనబడుతున్న సెలూనాయన్ని చూసి, "నడుము. పద్దెనిమిది. వంగి పని జేసేది తగ్గించు," అన్నాడు. ఆయన భయపడి అప్పటికప్పుడే వంగడం మానేశాడు. దాంతో గంగులప్ప తల పైభాగం నున్నగా క్షవరమై, మెడ దగ్గర మాత్రం అడవి అడవిలాగే మిగిలిపోయింది. ఇంటికి పోతే భార్య సుబ్బలక్ష్మమ్మ గడపలోనే ఆపేసింది.

"ఏందయ్యా ఇది, పీచు సగం ఒలిచిన టెంకాయ మాదిరుండావు?"

"ఆయప్ప నడుము కాపాడినా మే."

రామసముద్రంలో బంధువుల పెళ్ళి. పురోహితుడు "తాళి అందుకో నాయనా" అని మూడుసార్లు చెప్పినా పెళ్ళికొడుకు కదల్లేదు. గంగులప్ప గబగబా పెళ్ళిపీటల దగ్గరికి పోయి, పెళ్ళికొడుకు వెనక చేరి, చెవి పక్కన గట్టిగా చప్పట్లు కొట్టాడు. పెళ్ళికొడుకు జానెడు ఎగిరిపడ్డాడు.

"చెవులు బాగుండాయి, సున్నా. భయమే డెబ్బై. టెంపరరీ. కట్టించండి సామీ."

మనుషులతో ఆగితే బాగుండేది. ఇడ్లీ గట్టిగా ఉంటే "దీనికి కీళ్ళు పట్టేసినాయి, యాభై" అంటాడు. సీరియల్లో అత్తగారు కళ్ళురిమితే "చూపు బాగుండాది, బుద్ధి అరవై, పర్మనెంటు" అంటాడు. సుబ్బలక్ష్మమ్మ మాత్రం మొగుడికి ఎప్పుడో సర్టిఫికెట్టు రాసేసింది.

"ఈ మనిషికి నోరు నూటికి నూరు. పర్మనెంటు. రెన్యువల్ గూడా అక్కర్లేదు."

ఈ జబ్బు ఆయనకు ఆర్టీసీలో అంటుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేశాడు. ఎక్కువ కాలం మదనపల్లె – కుప్పం బస్సులోనే. వికలాంగుల పాసులు చూసీ చూసీ, దేనికి పాసు వస్తుందో దేనికి రాదో డాక్టర్ల కంటే వేగంగా చెప్పేవాడు. రిటైరయ్యాక కొత్త చట్టంలో వైకల్యాలు ఇరవై ఒక్క రకాలని తెలిసి, ఆ జాబితా మొత్తం బట్టీపట్టాడు. బస్సు స్టేజీలు చదివినట్టు గుక్క తిప్పుకోకుండా చదివేవాడు.

"చూపు లేనిది, చూపు తగ్గింది, కుష్టు నయమైంది, వినికిడి, మాట, కాళ్ళుచేతులు, పొట్టి, కండరాలు కరిగేది, బుద్ధి ఎదగనిది, మతి చెదిరేది, ఆటిజం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, వణుకుడు, యాసిడ్ పడింది..." అని అందుకుని, చివర్లో ఊపు ఆపుకోలేక, "కుప్పం! కుప్పం! దిగాల దిగాల!" అనేవాడు.

ఈ గంగులప్ప పొద్దున పదిన్నర కల్లా టంచనుగా చేరే చోటు వార్డు సచివాలయం. అక్కడ ఆయన పేరు వింటే గుండె దడ పట్టుకునే మనిషి ఒకరున్నారు. సంక్షేమ కార్యదర్శి గీత.

గీతది కుప్పం. వయసు ఇరవై ఐదు. సదరం క్యాంపుకు ఎవరికైనా స్లాటు కావాలంటే కంప్యూటర్లో ఎక్కించాల్సింది ఆమే. పని చురుగ్గా చేస్తుంది, ముఖం మీద చిరునవ్వు చెరగదు. అందరికీ తెలిసింది ఇంతే. తెలియనిది ఒకటుంది. డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె రెండు చెవుల్లోని వినికిడిని చాలావరకు పట్టుకుపోయింది.

వాళ్ళమ్మ కృష్ణవేణి కూతురి దగ్గర ఒట్టు వేయించుకుంది. "ఎవురికీ సెప్పొద్దు కన్నా. తెలిస్తే పనికి రావని పక్కన పెట్టేస్తారు."

గీత చెప్పలేదు. పెదాల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. ఎదురుగా వచ్చి మాట్లాడితే ఫరవాలేదు. పక్క నుంచో వెనక నుంచో మాట్లాడితే చిరునవ్వు నవ్వి తలాడించేది. అట్లా తలాడించే ఒకసారి ఉద్యోగుల కబడ్డీ జట్టుకు కెప్టెనైంది. ఫోన్ మోగితే ఎత్తేది కాదు, "మీటింగులో ఉన్నాను, మెసేజ్ చేయండి" అని పంపేది. కలెక్టరు గారికి కూడా ఇన్ని మీటింగులుండవని ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

పొద్దంతా ఊళ్ళోవాళ్ళ చెవులకూ కళ్ళకూ కాళ్ళకూ స్లాట్లు ఎక్కించే మనిషి తన చెవుల సంగతి దాచుకుని కూర్చుంది. అట్లాంటి చోటికి ఊరందరికీ పర్సంటేజీలు వేసే గంగులప్ప రోజూ వస్తున్నాడంటే, ఆమె దడ ఎంతో ఊహించుకోవచ్చు.

మొదటిరోజే ఆయన బల్ల ముందు నిలబడి, ఆమెను తల నుంచి చూడ్డం మొదలుపెట్టాడు. బల్ల అడ్డమొచ్చింది కాబట్టి చెప్పుల దాకా పోలేకపోయాడు. ఎడమ కన్ను సగం మూశాడు. గీతకు ఊపిరాగిపోయింది.

"కోపం," అన్నాడు గంగులప్ప. "ఇరవై రెండు. టెంపరరీ. మజ్జిగ తాగు మేడమమ్మా."

గీతకు ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా లేని కోపం కూడా అప్పుడే వచ్చింది.

ఆ తర్వాత రోజుకొకటి. "నిద్ర తక్కువ, పదకొండు." "జడ బరువుకు మెడ నొప్పి, ఆరు." "కంప్యూటర్ను నమ్మేది, తొంబై." అన్నీ వేశాడు గానీ చెవుల జోలికి పోలేదు. ఈ పెద్దాయనకు పేరే గానీ పెద్ద తెలివేం లేదని గీత ధైర్యం తెచ్చుకుంది.

కాకపోతే ఆయన తీసుకొచ్చే జనంతో ఆమెకు ఊపిరాడేది కాదు. ఒకాయన షుగరు రిపోర్టు పట్టుకుని పింఛను రాయమని కూర్చున్నాడు. గీత నోరు తెరవకముందే గంగులప్ప అందుకున్నాడు.

"షుగరు లిస్టులో లేదప్పా. షుగరు వల్ల చూపు పోతే ఉండాది, కాలు తీసేస్తే ఉండాది. ఆ రెండిట్లో నీకేది కావాల?"

"రెండూ వద్దు సామీ!"

"అట్లయితే ఆ జిలేబీ పొట్లం ఈడ పెట్టి ఇంటికి పో."

జిలేబీ పొట్లం బల్ల మీద మిగిలింది. సాయంత్రానికి అది ఏమైందో ఆఫీసులో ఎవరూ రికార్డు చేయలేదు.

ఇంకోరోజు మునికుమార్ అనే పెద్దమనిషి కుంటుకుంటూ వచ్చాడు. వయసు నలభై ఐదు, కట్టె పేడు లాంటి గట్టి ఒళ్ళు. గంగులప్ప బెంచీ మీద కూర్చుని ఆ నడక పొద్దంతా చూశాడు. మధ్యాహ్నం టీకి పోయి తిరిగొచ్చిన మునికుమార్‌ను దగ్గరికి పిలిచాడు.

"కుమారూ, పొద్దున ఎడమ కాలు కుంటినావు. ఇప్పుడు కుడి కాలు కుంటతాండావు. నొప్పి ఎప్పుడు బస్సు మారింది?"

మునికుమార్ రెండు కాళ్ళూ చూసుకున్నాడు. ఏది కుంటాలో తెలియక నిలబడిపోయాడు.

"కాళ్ళు సున్నా. నటన ఎనభై ఐదు," అన్నాడు గంగులప్ప, అతనికి మాత్రమే వినబడేట్టు. "మా నాటకాలోళ్ళ దగ్గర వేషముండాది. సెప్పమంటావా, లేకపోతే గమ్మున పోతావా?"

మునికుమార్ గమ్మున పోయాడు. రెండు కాళ్ళతోనూ, చాలా వేగంగా. నెల తర్వాత తీర్థంలో నాటకమాడితే అందులో కుంటి ముసలివాడి వేషం కట్టింది అతనే. మెచ్చుకోని వాళ్ళు లేరు.

గీతకు అసలు ముప్పు ఆంజనేయులు రూపంలో వచ్చింది. ఆయన తోపుడుబండి మీద కూరగాయలమ్ముతాడు. ఆరోజు బల్ల దగ్గరికి పక్క నుంచి వచ్చి, తలొంచుకుని చెప్పాడు.

"మేడం, మా ఇంటామెకు సూపు లేదు."

గీతకు పెదాలు కనబడలేదు. విన్నంతలో సర్దుకుంది.

"ఈడ సోపులు ఇచ్చేది లేదండీ. అంగడికి పోండి."

ఆఫీసులో అందరూ ఇటు తిరిగారు. ఆంజనేయులు తలెత్తాడు. మనిషి ముఖం ఎర్రబడింది.

"ఏందమ్మా, పేదోల్ల బాధ మీకు ఎగతాళిగా ఉండాదా? నా పెండ్లానికి రెండు కండ్లూ మసకలు కమ్మినాయంటే సోపంటావా?"

గీతకు ఇప్పుడు అర్థమైంది. ఏం చెప్పాలి? వినబడలేదని చెప్పాలా? బెంచీ మీది నుంచి గంగులప్ప ఒక్క ఉదుటున లేచొచ్చాడు.

"ఆంజినేయులూ, తప్పు నీదే. నోట్లో ఆకు వక్క పెట్టుకుని మాట్లాడితే ఎవురికి అర్థమైతాది? నాక్కూడా సోపనే వినబడె. ముందు పొయ్యి ఊసిరా. వచ్చి మేడం ఎదురుగ్గా నిలబడి, నోరు పెద్దగా తెరిసి సెప్పు. ఇది గవర్నమెంటు ఆఫీసు."

ఆంజనేయులు ఊసి వచ్చాడు. ఎదురుగా నిలబడి, డాక్టరుకు పళ్ళు చూపించినంత పెద్దగా నోరు తెరిచి చెప్పాడు. గీత ఆయన భార్యకు ఆరోజే స్లాటు ఎక్కించింది. చేతులు మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి.

వణుకు అంటే యశోదమ్మ సంగతి చెప్పాలి. పుంగనూరు బస్టాండు దగ్గర ఇడ్లీలమ్మే యశోదమ్మకు ఏడాదిగా కుడి చెయ్యి వణుకుతోంది. ఒక ప్లేటుకు వేసే చట్నీ మూడు ప్లేట్లకు పడేది. బేరం పెరిగింది గానీ ఆమెకు భయం కూడా పెరిగింది. ఎవరడిగినా "చలి" అనేది.

"మే నెలలో చలేంది యశోదమ్మా?" అని ఊరంతా నవ్వితే, గంగులప్ప నవ్వలేదు. పర్సంటేజీ కూడా వేయలేదు. "రేపు నాకు డాక్టరు దగ్గర పనుండాది, ఒక్కన్నే పోవాలంటే భయం. తోడు రా" అని పిలుచుకుపోయాడు. ఆమెకు పార్కిన్సన్ అని, మందులు వాడాలని, ఇది ఇరవై ఒక్కటిలో ఉందని అక్కడ తేలింది. గీత ఆమెకు మదనపల్లె క్యాంపులో స్లాటు తీసింది. దొరకడానికి రెండు నెలలు పట్టింది.

క్యాంపు రోజున పుంగనూరు నుంచి ఏడుగురు బయల్దేరారు. వాళ్ళ కాగితాలు చూసుకోమని పైవాళ్ళు గీతను కూడా పంపారు. గంగులప్పను ఎవరూ పంపలేదు. అందరికంటే ముందు బస్సులో కూర్చున్నది ఆయనే.

మదనపల్లెలో హాలు కిక్కిరిసిపోయింది. చక్రాల కుర్చీలు, చంకకర్రలు, తల్లుల ఒళ్ళో పిల్లలు. ఒక మూల మైకులో పేరు పిలుస్తున్నారు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే తర్వాతి పేరు. యశోదమ్మ ఫైలు గీత చేతికిచ్చి, "మంచినీళ్ళు తాగొస్తానమ్మా. నా పేరు పిలిస్తే పలుకు," అని పోయింది. గంగులప్ప ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సుకు పరిగెత్తాడు.

గీత ఇంకొకరి ఫారం నింపుతూ తలొంచుకుంది. చుట్టూ గోల ఆమెకు ఒక పెద్ద హోరులా ఉంది, అంతే. తలెత్తేసరికి యశోదమ్మ ఎదురుగా నిలబడి ఉంది. చెయ్యి ఎప్పటికంటే ఎక్కువ వణుకుతోంది.

"పిలిచేసినారంటమ్మా. మూడుసార్లు పిలిచి, లేరని రాసేసినారంట."

యశోదమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"పోనీలేమ్మా. నువ్వేం జేస్తావు? ఇంగ రెండు నెలలు ఆగితే మళ్ళీ వస్తాది గదా," అని ఆమె గీత భుజం తట్టింది. ఆ చెయ్యి భుజం మీద కూడా వణికింది.

అప్పుడొచ్చాడు గంగులప్ప. సంగతి విన్నాడు. తిన్నగా మైకు బల్ల దగ్గరికి పోయి, మైకును పైనుంచి కిందికి చూశాడు. ఎడమ కన్ను మూశాడు.

"మాట వైకల్యం. డెబ్బై," అన్నాడు.

బల్ల దగ్గర కూర్చున్నాయన అదిరిపడ్డాడు. "ఎవురికి?"

"ఈ మైకుకు. గుర్రుగుర్రు మంటాది గానీ పేరు తెలీదు. తప్పు మైకుది. యశోదమ్మను మళ్ళీ పిలవండి."

"మైకు బంగారంగా ఉండాది పెద్దాయనా. పొద్దున్నించి నూరు మంది పలికినారు."

"ఆ నూరు మంది అదృష్టవంతులు. దీన్ని ముందు క్యాంపులో పరీక్ష చేయించండి, నేనే స్లాటు తీస్తా..."

బల్లాయన లేచి నిలబడ్డాడు. గంగులప్ప ఇంకా పెద్దగా నిలబడ్డాడు. జనం మూగారు. ఆయన చేతులు తిప్పుతూ మైకు గుణగణాలు వర్ణిస్తుంటే గీత ఆ పెదాలనే చూస్తూ ఉంది. మైకు బాగానే ఉందని ఆయనకు తెలుసు. అంత తెలిసీ ఎందుకు పోట్లాడుతున్నాడో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

ఆమె జనంలోంచి ముందుకు వచ్చింది.

"మైకు బాగానే ఉండాది సార్," అంది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియలేదు. హాలు చివర దాకా వినబడింది. "తప్పు నాదే. ఈమె పేరుకు నేను పలకాల్సింది. నాకు వినపడలేదు. నాకు రెండు చెవులూ సరిగ్గా వినపడవు. ఆరేండ్లుగా ఎవురికీ సెప్పలేదు. యాల సెప్పలేదంటే భయం. నా భయానికి ఈమెను రెండు నెలలు ఆపొద్దండి."

ఇంక తన బతుకు బస్టాండైందని గీత అనుకుంది. అందరూ తననే చూస్తున్నారు. ముందు వరసలో నల్లకళ్ళజోడు పెట్టుకున్న తాత మొదట మాట్లాడాడు. గీతకు పెదాలు కనబడాలని పక్కనున్నామె ఆయన్ను ఆమె వైపు తిప్పింది.

"నాకు రెండు కండ్లూ లేవమ్మా," అన్నాడాయన, తన పరిచయం చేసుకుంటున్నట్టు.

"నాకు ఎడమ కాలు, మేడం," అన్నాడు చంకకర్ర పట్టుకున్నాయన.

"మా పాపకు తలసీమియా. నెలకొకసారి రక్తమెక్కిస్తాం."

"నాకు ఈ పక్కంతా పడిపోయింది."

వరసగా ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. రెండు వందల మంది హాల్లో తన సంగతి ఒక వింత కాదని గీతకు అర్థమయ్యేసరికి నాలుగు వరసలు అయిపోయాయి. ఆఖరికి ఒక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని, ముఖం దగ్గర ముఖం పెట్టి కోప్పడింది.

"ఆరేండ్లు ఏం జేస్తాంటివి? ఊరందరికీ స్లాట్లు తీస్తావు, నీకు తీసుకోగూడదా? తిక్కదానా!"

హాలంతా నవ్వింది. బల్లాయన కూడా నవ్వి, యశోదమ్మ కాగితం అందుకుని లోపలికి పోయాడు. ఒంటిగంట దాటాక డాక్టరమ్మ ఆమెను ఆఖరున పిలిచింది. అరగంట ఓపిగ్గా చూసింది. యశోదమ్మ బయటికొచ్చి, "నా చెయ్యి పట్టుకుని గ్లాసు ఎత్తమనింది. నీళ్ళన్నీ ఆమె కోటు మీద పోసినా. పాసవుతానంటావా?" అని గంగులప్పను అడిగింది.

తిరుగు బస్సులో గీత గంగులప్ప పక్కన కూర్చుంది. ఆయన కిటికీ సీటు ఆమెకిచ్చి, తను మొత్తం ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీకు ఎప్పట్నించి తెలుసు పెద్దాయనా?"

"మొదటి పొద్దే. నేను వచ్చి పలకరిస్తే నువ్వు నా కండ్లలోకి సూడలేదు. నోట్లోకి సూస్తివి. ముప్పై ఏండ్లు బస్సు గోలలో పెదాలు సూసే టికెట్లు కొట్టినోన్ని. నాకు తెలీకుండా ఉంటాదా?"

"మరి ఊరందరికీ ఏస్తారు. నా చెవులకు యాల ఏయలేదు?"

గంగులప్ప తల గోక్కున్నాడు.

"ఒకసారి కుప్పం బస్సులో ఒకాయన పాసు చూపించినాడు. సూస్తే మనిషి గట్టిగా ఉండాడు. కాలుండాది, చెయ్యుండాది, కన్నుండాది. నేను చిన్నోన్ని, పొగరు. 'ఏం వైకల్యమప్పా నీకు, సెప్పు' అని బస్సంతా వినబడేట్టు అడిగినా. ఆయన మెల్లిగా 'మతి జబ్బు' అన్నాడు. పక్కన కూర్చున్నోళ్ళు ఇద్దరూ లేచి వెనక్కి పొయ్యినారు. ఆయన అట్ల ఒక్కడే కూర్చుని, బైరెడ్డిపల్లె కాడ దిగేసినాడు. టికెట్టు మాత్రం కుప్పం దాకా ఉండాది."

చేతిలోని టికెట్టు మడత పెడుతూ మళ్ళీ అన్నాడు.

"అందుకే ఏమీ లేనోళ్ళకు ఏస్తాండా. అందరికీ ఎంతో కొంత ఉండాదనుకుంటే ఎవురూ లేచి వెనక సీటుకు పోరు గదా. నిజంగా ఉండేది నేను సెప్పగూడదు. అది వాళ్ళు సెప్పుకునేదే. మనం తోడు పోవాల, అంతే."

గీత ఫైళ్ళు ఒళ్ళో సర్దుకుంటూ, "మైకు మీద అన్యాయంగా డెబ్బై ఏసినారు," అంది.

"దానికి నోరుండాదా, వచ్చి అడిగేదానికి?"

మరుసటి రోజు గీత ఆఫీసుకు పోయి, అందరికంటే ముందు తన పేరు ఎక్కించుకుంది. అమ్మ దగ్గరుంటుందని కుప్పం వైపు క్యాంపే ఎంచుకుంది. యశోదమ్మకు సర్టిఫికెట్టు వచ్చింది. యాభై ఐదు శాతం. ఆరోజు ఇడ్లీ తిన్నవాళ్ళందరికీ చట్నీ కావాలనే మూడింతలు పోసింది.

పరీక్ష రోజున కుప్పంలో కృష్ణవేణి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. గంగులప్ప పొద్దున మొదటి బస్సుకే దిగిపోయాడు. గీతను గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడు చెయ్యెత్తమన్నారు. ఆమె చెయ్యి చాలాసేపటికి ఒకసారి లేచేది.

బయట కృష్ణవేణి ఉండబట్టలేక అడిగింది. "అన్నా, నువ్వు ఊరందరికీ సెప్తావంట గదా. మా బిడ్డకెంతొస్తాది?"

గంగులప్ప రెండు చేతులూ పైకెత్తేశాడు. "నాకేం తెలుస్తాదమ్మా? నేనేమన్నా డాక్టర్నా?"

కృష్ణవేణి ఆయన్ను ఎగాదిగా చూసింది. ఈయనేనా పుంగనూరులో ఇడ్లీకి కూడా పర్సంటేజీ వేసే మనిషని ఆమెకు అనుమానమొచ్చింది.

యాభై ఒకటి వచ్చింది. ఉద్యోగం ఊడలేదు. ఎవరూ పక్కన పెట్టలేదు. కబడ్డీ జట్టు కెప్టెన్సీ కూడా పోలేదు, ఎంత బతిమాలినా. జీతముంది కాబట్టి పింఛను రాదని గంగులప్ప ముందే చెప్పాడు. బస్సు పాసు వచ్చింది. ఇంకొన్ని వారాలకు, కుప్పంలోనే, రెండు చెవులకూ రెండు చిన్న మిషన్లు అమర్చారు.

మిషన్లు పెట్టుకుని బయటికొస్తే లోకమంతా గలగలమంది. ఆటో హారను, టీ గ్లాసుల చప్పుడు, చెప్పుల కింద ఇసుక. అమ్మ "కన్నా" అంటే వెనక నుంచి వినబడింది. గీత వెనక్కి తిరిగి, ఇంకోసారి అనమంది. కృష్ణవేణి నాలుగుసార్లు అంది. ఐదోసారి ముక్కు చీదుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం గంగులప్పతో కలిసి పుంగనూరు బస్సెక్కింది. ఆయన ఆమె పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు బాగా వినబడతాండాదా?"

"శానా బాగా!"

ఇన్నాళ్ళూ ఆమెతో మాట్లాడాలంటే ఎదురుగా తిరగాలి, నిదానంగా పలకాలి, మాట మాటకూ ఆగాలి. అదంతా పోయినందుకు గంగులప్పకు పట్టరాని సంతోషమైంది. తను కండక్టరుగా చేరిన రోజు నుంచి మొదలుపెట్టాడు. వి.కోట వచ్చేసరికి మొదటి ట్రాన్స్‌ఫరు. బైరెడ్డిపల్లె వచ్చేసరికి రెండో డ్రైవరుతో గొడవ. బస్సు ఎవరి పొరపాటు వల్ల ఏ రోజు ఎన్ని నిమిషాలు లేటయిందో, తారీకులతో సహా. పలమనేరులో పది నిమిషాలు ఆగినా బస్సే ఆగింది గానీ ఆయన ఆగలేదు. గీత నవ్వింది, ఊ కొట్టింది, ఆవులించింది, కిటికీలోంచి పల్లీ చేలు చూసింది.

పలమనేరు దాటాక ఆమె మెల్లగా జుట్టు సర్దుకుంటున్నట్టు చెవి వెనక్కి చెయ్యి పెట్టింది. ఒకటి టిక్కుమంది. రెండోది టిక్కుమంది.

లోకం చల్లబడింది.

రెండు నిమిషాలకు గంగులప్ప ఆగాడు. ఆమె ముఖంలోకి వంగి చూశాడు. పెదాలు నిదానంగా, స్పష్టంగా కదిపాడు.

"ఆపేసినావా?"

గీత పెదాలు చూసి, దొరికిపోయి, కడుపు పట్టుకుని నవ్వింది. గంగులప్ప కూడా నవ్వాడు. కాసేపు నవ్వి, వెనక సీటు వైపు తిరిగి, అక్కడ కూర్చున్న అపరిచితుడికి మిగిలిన కథ అందుకున్నాడు.

పాపం, వెనక సీటాయనకు ఆ సౌకర్యం లేదు.